క్రైస్తవ బడిలో మన పిల్లలు: మీ ఉత్తరాలకు జవాబులు

(ఈ శీర్షిక నిర్వహిస్తున్నది గుంటూరుకు చెందిన ఉపాధ్యాయిని. డల్లాస్ శివార్లలోని ఒక ప్రైవేటు క్రైస్తవ హైస్కూలులో చాలా ఏళ్లు లెక్కలు బోధించి పదవీ విరమణ చేశారు.)

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి వచ్చే ఆగస్టులో తొమ్మిదో తరగతిలోకి వెళ్తాడు. ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేటు క్రైస్తవ బడి ఉంది. ‘కాలేజీ ప్రిపరేటరీ’ (కాలేజీకి సిద్ధం చేసే బడి) అని బోర్డు మీదే రాసుకున్నారు. తరగతికి ఇరవై మంది కూడా ఉండరు, టీచర్లు పిల్లలను పేరు పెట్టి పిలుస్తారు. అది చూసి నాకు ఆశ పుట్టింది. కానీ మా ఇంట్లో రోజూ దీపం పెట్టి పూజ చేస్తాం. వాడు మన పద్ధతులకు దూరమవుతాడేమోనని దిగులు. మావారు మాత్రం “నేను విజయవాడలో కాన్వెంటులోనే చదివాను, నాకేమైంది?” అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: మీవారి అనుభవాన్ని నేను కాదనను. కానీ ఆయన చదివిన కాన్వెంటు వేరు, మీరు చూసిన బడి వేరు. ఈ తేడా తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకోండమ్మా.

మన దగ్గర మిషనరీలు బడి పెట్టినప్పుడు ఎదుట కూర్చున్నది ఎక్కువగా హిందూ పిల్లలే. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో బడి తెరిచినా, గుంటూరులో లూథరన్లు 1885లో కళాశాల పెట్టినా (మా తాతగారు అక్కడే చదివారు) ఊరందరి పిల్లలూ వచ్చారు. స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం 28(3) అధికరణం కూడా వచ్చింది. ప్రభుత్వ గుర్తింపో, సహాయమో ఉన్న విద్యాసంస్థలో విద్యార్థిని మతబోధనలో పాల్గొనమని బలవంతం చేయకూడదు. మైనరు అయితే సంరక్షకుల అనుమతి కావాలి. అందుకే మీవారి కాన్వెంటులో క్రైస్తవ పిల్లలు కాటకిజం (క్రైస్తవ మతబోధ) తరగతికి వెళ్తే, మిగతావారు నీతిబోధ తరగతిలో కూర్చుని ఉంటారు.

అమెరికాలో కథ వేరు. ప్రభుత్వ బడులలో అధికారికంగా ప్రార్థన చేయించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. మరుసటి ఏడాది బైబిలు పఠనం విషయంలోనూ అదే తీర్పు ఇచ్చింది. ఆ తరువాత విశ్వాసులైన తల్లిదండ్రులు ఎందరో తమ పిల్లల కోసం, తమ డబ్బుతో బడులు కట్టుకున్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో మరో చరిత్ర కూడా ఉంది, దాన్ని దాచకూడదు. నల్లజాతి పిల్లలతో కలిపి చదివించాలని 1954లో తీర్పు వచ్చాక, తమ పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టడం ఇష్టంలేని తెల్లవారు ప్రైవేటు బడులు పెట్టుకున్నారు. వాటిలో కొన్ని క్రైస్తవ బడులమని చెప్పుకున్నాయి. క్రైస్తవురాలిగా నాకది బాధ కలిగించే విషయం. జాతిని బట్టి ప్రైవేటు బడి కూడా ప్రవేశం నిరాకరించరాదని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు చూడబోయే బడి ఏ ఏడాది మొదలైందో అడగండి, ఇప్పుడు వరండాల్లో ఎలాంటి ముఖాలు కనిపిస్తున్నాయో కూడా చూడండి.

ఈ బడులు రెండు రకాలు. కొన్ని తల్లిదండ్రులలో ఒకరైనా విశ్వాసి అయి ఉండాలంటాయి, సంఘ కాపరి నుంచి ఉత్తరం తెమ్మంటాయి. అలాంటిచోట మీ అబ్బాయికి సీటే రాదు. మిగతావి ఏ మతం వారినైనా చేర్చుకుంటాయి, కానీ పిల్లవాడు అన్నిటిలో పాల్గొనాలి. నాలుగేళ్లూ బైబిలు క్లాసు ఉంటుంది. అది మార్కులున్న పాఠం, తప్పనిసరి. వారానికోసారి చాపెల్ (బడి అంతా కలిసి చేసే ప్రార్థన సభ) ఉంటుంది, అదీ తప్పనిసరే. ‘మా వాడికి మినహాయింపు ఇవ్వండి’ అని అడిగే హక్కు ఇక్కడ ఉండదు. దరఖాస్తుతో పాటు ఇచ్చే విశ్వాస ప్రకటనను, నియమాల పుస్తకాన్ని సంతకం పెట్టేముందు మీరిద్దరూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. అందులో రాసినదంతా ఆ బడి నిజంగా నమ్ముతుంది.

బైబిలు క్లాసు అంటే భయపడనక్కరలేదు, తేలిగ్గానూ తీసుకోవద్దు. మా బడిలో తొమ్మిదిలో పాత నిబంధన, పదిలో కొత్త నిబంధన చెప్పేవారు. చిక్కు పదకొండులో వచ్చేది, ఎందుకంటే అక్కడ ఇతర మతాలను క్రైస్తవంతో పోల్చే పాఠం ఉంటుంది. ఒకసారి ఒక తెలుగు అబ్బాయి మధ్యాహ్నం భోజనం వేళ నా గదికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. అందులో పట్టిక గీసి ఉంది. అడ్డంగా మతాల పేర్లు, నిలువుగా ‘దేవుడు ఎవరు’, ‘పాపం అంటే ఏమిటి’, ‘రక్షణ ఎలా’ అని గళ్లు. హిందూమతం కింద నింపవలసిన జవాబు పుస్తకంలో రెండు ముక్కల్లో ఉంది. “మా బామ్మ నమ్మేది ఇది కాదు టీచర్” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. పుస్తకం చెప్పింది గడిలో రాసి, కాగితం వెనుక బామ్మ ఏం నమ్ముతుందో రాయమన్నాను. వాడు వెనుక పేజీ నిండా రాశాడు. బైబిలు టీచరు మంచి మనిషి, ఆ పేజీని మరునాడు క్లాసులో వాడి చేతనే చదివించాడు. అందరు టీచర్లూ ఇలా ఉంటారని నేను హామీ ఇవ్వలేను. అందుకే ప్రవేశానికి ముందు బైబిలు టీచరును కలిసి, పదకొండో తరగతి పుస్తకం చూపించమని అడగండి. మొహమాటపడకండి. చూపించడానికి వెనకాడే బడి అయితే అక్కడితో ఆపేయండి.

జీవశాస్త్రం పుస్తకం కూడా చూడండి, కొన్ని క్రైస్తవ ప్రచురణలు పరిణామ సిద్ధాంతాన్ని ఒప్పుకోవు. కొన్ని క్రైస్తవ ప్రచురణల పుస్తకాలతో చెప్పిన పాఠాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశ అర్హతకు లెక్కించకపోతే, క్రైస్తవ బడుల సంఘం ఒకటి 2005లో దావా వేసింది. 2008లో జిల్లా కోర్టు, 2010లో అప్పీళ్ల కోర్టు విశ్వవిద్యాలయం పక్షానే నిలిచాయి. బడిలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ బయాలజీ (కాలేజీ స్థాయి జీవశాస్త్ర కోర్సు) ఉందంటే ఆ చింత చాలావరకు తీరినట్టే. ఆ కోర్సు పాఠ్యప్రణాళికను, దాని పరీక్షను నడిపే కాలేజ్ బోర్డు పరిశీలించి ఆమోదించాలి, పరిణామ సిద్ధాంతం అందులో ముఖ్య భాగం.

ఇక మన తెలుగు ఇళ్లలో అందరూ మరచిపోయే లెక్క ఒకటుంది. టెక్సస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం హైస్కూలులో మొదటి పది శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి మాత్రం ప్రత్యేక పరిమితి ఉంది, 2026లో చేరేవారి నుంచి అది ఐదు శాతానికి తగ్గింది. సీనియర్ (పన్నెండో) తరగతిలో ఎనభై మంది ఉన్న చిన్న బడిలో ఐదు శాతం అంటే నలుగురు. ఒక్క బి గ్రేడు వస్తే జారిపోయే చోటు అది. పైగా ప్రైవేటు బడులు చాలావరకు ర్యాంకులే ఇవ్వవు. మీ బడి ఇస్తుందా, ఇవ్వకపోతే గత మూడేళ్లలో ఆస్టిన్‌కు ఎందరు వెళ్లారు అని కౌన్సెలర్‌ను సూటిగా అడగండి.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఈ ప్రాంతంలో ఏడాదికి ఇరవై వేల డాలర్లు దాటే బడులు చాలా ఉన్నాయి. ప్రైవేటు చదువుకు సాయం చేసే చట్టం 2025 మేలో టెక్సస్‌లో వచ్చింది, కానీ దరఖాస్తులు ఎక్కువైతే వైకల్యం ఉన్న పిల్లలకు, తక్కువ ఆదాయం వారికి ముందు అవకాశం. సాఫ్ట్‌వేర్ జీతాల ఇళ్లవారు దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు.

నా మాట అడిగారు కనుక చెబుతున్నాను. ఆ బడిని కేవలం కాలేజీ సీటుకు మెట్టుగా చూసేటట్టయితే చేర్చవద్దు. ఫ్రిస్కో ప్రభుత్వ బడులలోనూ మంచి చదువు దొరుకుతుంది. మీ అబ్బాయి కొత్త వారితో కలవలేని పిల్లవాడైతే, పెద్ద బడిలో గుంపులో ఒక మూలకు పడిపోతాడని మీకు అనిపిస్తే, అప్పుడు ఇలాంటి బడి వాడికి నిజంగా మేలు చేస్తుంది. అలా గొంతు తెచ్చుకున్న పిల్లలను నేను కళ్లారా చూశాను. అయితే ఇంట్లో దీపం ఎందుకు పెడుతున్నారో వాడికి ముందు మీరు చెప్పండి. బడిలో వాడిని అడుగుతారు.

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా మనవరాలు డల్లాస్ దగ్గర క్రైస్తవ బడిలో పదో తరగతి చదువుతోంది. మెడ నుంచి మోకాళ్ల దాకా రిబ్బన్లు వేలాడే పెద్ద పూల గుత్తి కట్టుకుని ఫోటో పంపింది. ఆటలో ఆరుగురే ఆడతారట. ఇదంతా ఏ బడి పద్ధతి? చదువు జరుగుతోందా?
– ఒక తాతయ్య

జవాబు: నమస్కారం మాస్టారూ. చదువు జరుగుతోంది, నిశ్చింతగా ఉండండి. ఆ పూల గుత్తి టెక్సస్ రాష్ట్రమంతటా ఉన్న ఆచారం, బడి మతానికీ దానికీ సంబంధం లేదు. శరదృతువులో హోమ్‌కమింగ్ అని పండుగ చేస్తారు. పూర్వ విద్యార్థులు తిరిగి వస్తారు, రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో బంతి పట్టుకుని ఆడేది) మ్యాచ్ ఉంటుంది. ఆ రోజు ఆడపిల్లలు పట్టుతో చేసిన చేమంతి పువ్వును మధ్యలో పెట్టి, చుట్టూ బడి రంగుల రిబ్బన్లు, చిన్న గంటలు, మెరిసే అక్షరాలతో పేర్లు కుట్టి వేసుకుంటారు. పన్నెండో తరగతి వారివి మాత్రం సాధారణంగా తెలుపు, వెండి రంగుల్లో ఉంటాయి. అందుకే రంగు చూసి వరండాలో ఎవరు పెద్దవారో చెప్పవచ్చు. ఆ రోజు పాఠం చెబుతుంటే గది అంతా గలగలమని గంటల చప్పుడే. నాకు అది ఇష్టంగా ఉండేది.

ఆరుగురి ఆట కూడా నిజమే. పదకొండు మందిని నిలబెట్టేంత విద్యార్థులు లేని చిన్న బడుల కోసం టెక్సస్‌లో సిక్స్‌మ్యాన్ ఫుట్‌బాల్ ఆడతారు. మైదానం పొడవు ఎనభై గజాలు, వెడల్పు నలభై. సగం ఆట ముగిశాక ఏ జట్టు అయినా 45 పాయింట్ల ఆధిక్యానికి చేరితే ఆట ఆపేస్తారు. ఈ బడులలో జట్టుకు మనుషులు చాలరు కనుక వయొలిన్ వాయించే అబ్బాయే బంతీ విసురుతాడు, నాటకంలో రాజు వేషమూ కడతాడు. పెద్ద బడిలో ఎంపికకే నోచుకోని పిల్ల ఇక్కడ వాలీబాల్ జట్టులో ఉంటుంది. ఈ బడుల విద్యార్థి జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

చాపెల్ ఉన్న రోజు ఫోటో పంపమని మీ మనవరాలిని అడగండి. చాలా బడుల్లో ఆ రోజు కోటు, టై లాంటి ప్రత్యేక దుస్తులు తప్పనిసరి. మామూలు రోజుల్లో పోలో చొక్కాలే. వసంత సెలవుల్లో కొందరు సేవా యాత్రకు వెళ్లి ఇళ్లు కడతారు, పిల్లలకు పాఠాలు చెబుతారు. అక్టోబరులో ఫోను సరిగా ఎత్తకపోతే కోపగించుకోకండి, పీఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీకి ముందు రాసేది) పరీక్ష ఆ నెలలోనే వస్తుంది. పదకొండో తరగతిలో రాసిన ఆ పరీక్ష మార్కులతోనే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ పోటీకి ఎంపిక జరుగుతుంది. పదిలోనే అభ్యాసంగా రాయిస్తారు.

ప్రశ్న: హైదరాబాదులో ఒక కన్సల్టెంటు మా అమ్మాయిని తొమ్మిదో తరగతికే అమెరికాలోని క్రైస్తవ హైస్కూలుకు పంపమంటున్నాడు. తరువాత మంచి యూనివర్సిటీ సులువట. నిజమేనా?
– ఒక తండ్రి

జవాబు: ఆయన క్రైస్తవ బడినే ఎందుకు చూపిస్తున్నాడో ముందు తెలుసుకోండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చే విద్యార్థి ప్రభుత్వ హైస్కూలులో మొత్తం 12 నెలలకు మించి చదవకూడదు, ఆ ఖర్చు కూడా పూర్తిగా తానే కట్టాలి. ఇది 1996 చట్టం. ప్రభుత్వ అనుమతి పొంది ఐ-20 పత్రం (వీసాకు కావలసిన ప్రవేశ ధ్రువీకరణ) ఇవ్వగలిగే ప్రైవేటు బడికి ఈ గడువు వర్తించదు. అందుకే విదేశీ విద్యార్థులకు ప్రైవేటు బడులే చూపిస్తారు, వాటిలో చాలా క్రైస్తవ బడులు. తల్లిదండ్రులతో కలిసి హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఈ చిక్కు లేదు.

చాలా క్రైస్తవ బడులకు వసతి గృహాలు లేవు. మీ అమ్మాయిని ఒక కుటుంబంలో ఉంచుతారు. ఆదివారం వారితో చర్చికి వెళ్లవలసి రావచ్చు, వారు తినేదే తినవలసి రావచ్చు. నాలుగేళ్ల తరువాత విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసేటప్పుడు కూడా ఆమె విదేశీ విద్యార్థినే. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి దొరికే ఫెడరల్ సహాయం ఆమెకు రాదు. అమ్మానాన్నలను వదిలి పద్నాలుగేళ్ల పిల్ల ఒంటరిగా ఉండటానికి ఈ లాభం సరిపోదు. ఇంటర్ అయ్యాక పంపండి.

ప్రశ్న: టీచర్, నేను పదకొండో తరగతి. మాది హిందూ కుటుంబం. చాపెల్‌లో అందరూ కళ్లు మూసుకుని, చేతులెత్తి పాడుతుంటే నాకు ఏం చేయాలో తోచదు. పాడితే అమ్మమ్మకు ద్రోహం చేసినట్టు, ఊరుకుంటే స్నేహితులను అవమానించినట్టు అనిపిస్తుంది.

జవాబు: తల్లీ, అందరూ లేచినప్పుడు లేచి నిలబడు. అది మర్యాద. పాట నీది కాదనిపిస్తే పాడవద్దు. నేను విశ్వాసిని, మనసు లేకుండా నా దేవుడికి ఎవరూ పాడాలని నేను కోరుకోను. నిజమైన స్నేహితులు ఎవరూ నిన్ను తప్పు పట్టరు. రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు వస్తే పళ్లాన్ని పక్కవారికి అందించు, నువ్వు తీసుకోవద్దు. అది బాప్తిస్మం పొందినవారి కోసం, నువ్వు తీసుకోకపోతే ఎవరూ నొచ్చుకోరు.

పాటల్లో ఏదైనా నీకు నచ్చితే అదీ తప్పు కాదు, అమ్మమ్మకు ఫోనులో వినిపించు. ఎవరైనా ఒత్తిడి చేస్తే, ‘నువ్వు ఇంకా మారలేదేమిటి’ అని పదే పదే అడుగుతుంటే మాత్రం లోపల దాచుకోవద్దు. మీ చాప్లిన్ (బడిలోని మతగురువు) దగ్గరకు వెళ్లి, అలా చేస్తున్నవారి పేరుతో సహా చెప్పు. ఒక్కదానివే వెళ్లడానికి జంకుగా ఉంటే నీకు నచ్చిన టీచరును వెంటబెట్టుకుని వెళ్లు. ఆ సాయంత్రమే అమ్మకూ చెప్పు.