రైట్ రైట్ అంటే ఎటు తిరగాలి?

ప్రశ్న: “నలభై దాటాక సల్సా డాన్స్ మొదలుపెట్టొచ్చా? నిజంగా ఏమైనా లాభం ఉంటుందా, లేక ఫీజు దండగేనా?”

మొదలుపెట్టొచ్చు. నేను చేరినప్పుడు నాకు నలభై మూడు, ఇప్పుడు నలభై అయిదు. ఉండేది నల్గొండ, ఉద్యోగం బస్సు కండక్టర్. డ్యూటీ ఎక్కువగా దేవరకొండ రూట్లో పడుతుంది. లాభాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఫీజు దగ్గరికి వస్తాను. ఎందుకంటే నేను ఇందులోకి వచ్చిందే ఫీజు దండగ కాకూడదని.

మా అమ్మాయి డిగ్రీ చదువుతూ జుంబా క్లాసులో చేరింది. మూడు నెలల డబ్బులు ఒకేసారి కట్టించుకున్నారు. నెల తిరక్కుండానే పరీక్షలంటూ మానేసింది. డబ్బులు వెనక్కి అడిగితే, “అట్ల కుదరదు మేడం, ఆదివారం పొద్దున సల్సా బ్యాచ్ ఉంది, మీ ఇంట్లకెళ్లి ఎవరొచ్చినా నేర్పిస్త” అన్నాడు మాస్టర్. సాయంత్రం లెక్కలో పది రూపాయలు తగ్గితే సొంత డబ్బులు వేసుకునే ఉద్యోగం నాది. రెండు నెలల ఫీజు ఎలా వదులుకుంటాను? మా ఆయనను వెళ్లమన్నాను. నవ్వాడు. నేనే వెళ్లాను.

గడియారం సెంటర్ దాటాక ఒక సందులో, టైలర్ షాపు మీద హాలు. మొత్తం పదకొండు మందిమి. మగవాళ్లు ఇద్దరే. ఒకడు డిగ్రీ కుర్రాడు, ఇంకొకరు రిటైరైన తెలుగు సారు, అరవై నాలుగేళ్లు. సల్సాలో జతలో ఒకరు నడిపిస్తారు, ఒకరు అనుసరిస్తారు. మామూలుగా నడిపించే వైపు మగవాళ్లు ఉంటారు. వాళ్లే లేకపోతే మాస్టర్ మాత్రం ఏం చేస్తాడు? కాస్త ఎత్తున్న ఆడవాళ్లను అటు నిలబెట్టాడు. అలా నేను మొదటి రోజు నుంచీ లీడర్‌నే.

మొదట నేర్పేది బేసిక్ స్టెప్. ఎడమ కాలు ముందుకు, బరువు మళ్లీ వెనక కాలి మీదికి, కాళ్లు దగ్గరికి. తర్వాత కుడి కాలు వెనక్కి, బరువు ముందు కాలి మీదికి, దగ్గరికి. అంతే. అందరూ తూలుతున్నారు, ఎవరి కాలు ఎవరు తొక్కుతున్నారో తెలియడం లేదు. నాకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఎందుకో రెండు నిమిషాలకు అర్థమైంది. డ్రైవర్ బ్రేక్ కొడితే బరువు ముందుకు, బండి పికప్ అందుకుంటే వెనక్కి. రెండు చేతుల్లో ఒకదాంట్లో టికెట్లు కొట్టే టిమ్ మిషను, ఇంకోదాంట్లో చిల్లర, పట్టుకోవడానికి కమ్మీ అందదు. మోకాళ్లు కొంచెం వంచి, పాదాలతోనే కాచుకోవాలి. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్నది అదే. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి బస్సులో నిలబడేవాళ్లు పెరిగారు కాబట్టి ప్రాక్టీసు కూడా పెరిగింది. “మేడం, ఇంతకుముందు ఎక్కడన్న నేర్చుకున్నరా?” అని అడిగాడు మాస్టర్. కొండమల్లేపల్లి దాకా నిలబడి వచ్చి చూడు అన్నాను.

ఇంకో మాట. సల్సా అంటే నడుము ఊపడం అనుకుని చాలామంది ఆడవాళ్లు మెట్ల దగ్గరి నుంచే వెనక్కి పోతారు. నడుము ఎవరూ ఊపక్కర్లేదు. ఒక మోకాలు వంగి ఇంకోటి నిటారు అయితే నడుము దానంతట అదే కదులుతుంది. నిండు బిందె చంకనెత్తుకుని నడిచిన వాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు.

ఇక లెక్క. పాట ఎనిమిది మీద నడుస్తుంది కానీ అడుగులు ఆరే. ఒకటి రెండు మూడు, అయిదు ఆరు ఏడు. నాలుగు, ఎనిమిది దగ్గర ఆగుతాం. మొదటి రోజు తెలుగు సారు చెయ్యెత్తి “నాలుగు ఏమైందయ్యా?” అని అడిగారు. మాస్టర్ క్విక్ క్విక్ స్లో అని ఇంగ్లీషులో చెప్పాడు. సారు కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టి, “లఘువు, లఘువు, గురువు. సగణం. గిదా!” అన్నారు. మూడు మీద వేసిన కాలు నాలుగు అయ్యేదాకా అక్కడే ఉంటుంది కాబట్టి అది రెండు మాత్రల గురువట. ఆ రోజు నుంచి ఆయన అడుగు తప్పలేదు. మిగతా వాళ్లం చాలా రోజులు తప్పాం. స్కూల్లో ఛందస్సు క్లాసులో నిద్రపోయినందుకు ముప్పై ఏళ్ల తర్వాత బాధపడతానని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. సల్సాలో రుయేదా అని ఒక పద్ధతి ఉంది. 1950ల చివర్లో క్యూబాలో, హవానా క్లబ్బుల్లో పుట్టింది. జతలన్నీ గుండ్రంగా నిలబడతాయి. ఒకరు గట్టిగా కేకేస్తే అన్ని జతలూ ఒకేసారి అదే స్టెప్ వేయాలి. ‘దామె’ అంటే స్పానిష్‌లో నాకివ్వు అని, పక్క జతలో మనిషిని అందుకోవాలి. ‘దామె దోస్’ అంటే ఒకరిని వదిలేసి ఆ తర్వాతి మనిషి దగ్గరికి పోవాలి. వీడియో చూపిస్తే మా అత్తమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: “ఇది కోలాటమే గదనే, కోలలు మర్చిపోయిండ్రు.”

ఒక ఆదివారం మాస్టర్‌కు గొంతు పోయింది. ముందు రోజు ఏదో ఫంక్షన్ హాల్లో డీజే మీద అరిచి వచ్చాడు. (ఈ డీజేల గురించి విడిగా రాయాలి. బతుకమ్మ దగ్గర కూడా అవే డబ్బాలు. పాట ఎత్తుకునే అమ్మలక్కలు నోరు మూసుకుని నిలబడాల్సి వస్తోంది, చప్పట్లు ఎవరికీ వినిపించవు.) మాస్టర్ సైగ చేసి నన్ను ముందుకు పిలిచాడు. కేకలు మీరేయండి అని కాగితం మీద రాసిచ్చాడు. నాకు సరదాగానే ఉంది. ‘దామె’ అని ఒక్క కేక పెట్టాను. పల్లెవెలుగు బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు, చిన్న హాలు. కింద నుంచి టైలర్ అన్న పరుగెత్తుకొచ్చాడు, ఏమైందని.

నాలుగు జతలు, బాగానే తిరుగుతున్నాం. దామె, దామె దోస్, మళ్లీ దామె. తర్వాతది ఏమిటో గుర్తు రాలేదు. కాగితం కిటికీలో ఉంది. ఎనిమిది మందిమీ బేసిక్ వేస్తూ ఉన్నాం, ఏడుగురూ నా నోటి వైపే చూస్తున్నారు. ఒక ఎనిమిది పోయింది, ఇంకో ఎనిమిది పోయింది. ఎక్కాల్సిన వాళ్లంతా ఎక్కేసి నా కోసం చూస్తుంటే నా నోట్లో నుంచి ఏ మాట వస్తుంది? “రైట్ రైట్!” అనేశాను.

రెండు జతలు నిజంగానే కుడికి తిరిగాయి. నాకు జతగా ఉన్న అంగన్‌వాడీ టీచర్ ముందుకు నడిచింది, బస్సు కదిలిందనుకుంది కాబోలు. సారు తన కుడికి తిరిగారు, ఆయన ఎదురుగా ఉన్నావిడ తన కుడికి తిరిగింది, ఇద్దరి భుజాలు ఢీకొని కళ్లజోడు ఎగిరిపడింది. కంగారులో నేను “హోల్డాన్!” అన్నాను. అందరూ ఎక్కడి కాలు అక్కడే ఆపేశారు, ఒక కాలు గాల్లో ఉన్నవాళ్లతో సహా. ఆ తర్వాత పది నిమిషాలు ఎవరూ డాన్స్ చేయలేదు, నేల మీద కూర్చుని నవ్వుతూనే ఉన్నాం. గొంతు లేని మాస్టర్ గోడ పట్టుకుని నవ్వాడు. ఇప్పుడు మా బ్యాచ్‌లో ‘రైట్ రైట్’ అంటే అనుసరించే వాళ్లు కుడికి ఒక చుట్టు తిరగాలి. ‘హోల్డాన్’ అంటే ఎనిమిది లెక్కలూ కదలకుండా ఉండాలి. హవానా వాళ్లు ఏమనుకున్నా సరే.

అప్పుడు ఒకటి గట్టిగా తెలిసింది. నడిపించడమంటే లాగడం కాదు, ముందే చెప్పడం. కేక ‘ఒకటి’ లెక్క మీద వేస్తే ఆలస్యం అయినట్టే, దానికి ముందే రావాలి. చెయ్యి అయినా అంతే, కొద్దిగా ఎత్తితే ఎదుటి మనిషికి తెలుస్తుంది, గుంజితే భుజం నొప్పి పుడుతుంది. స్టాపు రాకముందే “దిగేటోళ్లు ముందటికి రండి” అని నేను అరిచేది కూడా ఇందుకే. మా ఆయన స్కూటర్ నడుపుతూ ఏ సందులోకి తిప్పుతాడో తిప్పాక గానీ తెలియదు, ఇరవై రెండేళ్లుగా నేను ఆ సీటు కమ్మీ పట్టుకునే బతుకుతున్నాను. మన ఇళ్లలో సగం గొడవలు ఇవే అని నా అభిప్రాయం. అందుకే పెళ్లి కావాల్సిన మగపిల్లలందరికీ ఆరు నెలలు సల్సా నేర్పాలంటాను. కానీ మగవాళ్లు వస్తారా? కింద పాన్ షాపు దగ్గర నిలబడి పైకి చూస్తారు. పైకి రారు. మమ్మల్ని మాత్రం “మీ సారు ఏమనడా?” అని అడుగుతారు. మా సారు క్లాసు అయ్యేదాకా ఎదురుగా ఉన్న హోటల్లో రెండు చాయ్‌లు తాగి, పేపర్ అంతా చదివి, నన్ను ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్తాడు. ఏమీ అనడు.

ఆరోగ్యం సంగతి అడగలేదు కానీ లాభమంటే అందరికీ అదే కాబట్టి చెప్తాను. డ్యూటీ దిగాక నాకు మడమలు మండేవి. ఇప్పుడు మండటం లేదు. పాదం ముందు భాగం మీద కాలు వేయడం అలవాటై తగ్గిందని నేనంటాను. నువ్వు చెప్పులు మార్చినందుకు తగ్గిందని మా అమ్మాయి అంటుంది. చెప్పులు అంతకుముందు కూడా మార్చాను. తెలుగు సారు ఒక వైద్య పరిశోధన కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతారు. 2003లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, చదవడం, బోర్డు ఆటలు ఆడటం, వాయిద్యాలు వాయించడంతో పాటు డాన్స్ చేసేవాళ్లలో డిమెన్షియా, అంటే ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బు, తక్కువ కనిపించిందట. ఒంటితో చేసే పనుల్లో డాన్స్ ఒక్కటే ఆ జాబితాలో ఉంది. అందులో సల్సా అని ఎక్కడా లేదు. కానీ సల్సా పెరిగిన చోటే బ్రాంక్స్. క్యూబా సంగీతాన్ని ప్యూర్టోరికో వాళ్లు, క్యూబా వాళ్లు 1960, 70లలో న్యూయార్క్‌లో కొత్తగా వాయించి సల్సా అని పేరు పెట్టారు. అక్కడి ముసలివాళ్లు ఇంకేం ఆడతారు చెప్పండి.

సల్సా అంటే స్పానిష్‌లో సాస్. సీలియా క్రూజ్ అని గొప్ప గాయని ఉండేది, పాట మధ్యలో ‘అసూకర్!’ అని అరిచేది, అంటే చక్కెర. మాస్టర్ కూడా ఊపొస్తే అలాగే అరుస్తాడు. “నాకు వద్దయ్యా, ఆల్రెడీ ఉంది” అంటారు సారు, ప్రతిసారీ.

చేరేవాళ్లకు పనికొచ్చే మాటలు రెండే. ఒకటి, కొత్త స్పోర్ట్స్ షూ కొనకండి. రబ్బరు అడుగు నేలను పట్టేస్తుంది, ఒళ్లు తిరుగుతుంది కానీ పాదం తిరగదు, దెబ్బ మోకాలికి. అడుగు నున్నగా అరిగిన పాత షూ మేలు. రెండోది, పెళ్లి సంగీత్ కోసం అయిదు రోజుల్లో ఒక పాట నేర్పించే బ్యాచుల్లో చేరొద్దు. వాళ్లు కెమెరా వైపు తిరగడం నేర్పిస్తారు, పక్క మనిషి వైపు కాదు.

ఈ ఆదివారం నాకు డ్యూటీ పడింది. రుయేదాకు ఏడుగురే ఉంటారు, కేకలేసే మనిషి కూడా లేదు. నిన్న సారు ఫోన్ చేసి, “అమ్మా, నువ్వు రాకున్నా పర్వాలేదు, ఆ రైట్ రైట్, హోల్డాన్ రెండూ రికార్డు చేసి వాట్సాప్‌లో పంపు” అన్నారు. దేవరకొండ బస్టాండులో బండి ఆగినప్పుడు వెనక సీట్లోకి పోయి రికార్డు చేశాను. మొదటిసారి అనగానే మా డ్రైవర్ అన్న బండి స్టార్ట్ చేశాడు. రెండోసారి కిందికి దిగి, టీ బండి వెనక నిలబడి చేసి పంపాను.