సమాధుల తోట చరిత్ర రాస్తానన్న మా అమ్మాయికి

అమ్మలూ,

ఆ పాత మెథడిస్టు చర్చి సమాధుల తోట చరిత్ర రాయడానికి ఒప్పుకున్నావట, మీ అమ్మ చెప్పింది. మీ తరంలో ఒక్కరైనా ఆ రిజిస్టర్ల జోలికి వస్తారా అనుకునేదాన్ని, వచ్చావు, సంతోషం. కానీ విన్నప్పటి నుంచి నాకు టెన్షనే. ఒరిగిన రాళ్లను ఆనుకోకు, ఫోటో కోసం చెయ్యి వేసి నిలబడకు. పైకి గట్టిగానే కనిపిస్తాయి, కింద మట్టి ఎప్పుడో వదులైపోయి ఉంటుంది. మీద పడితే ఇంకేమైనా ఉందా? ఒక్కదానివే వెళ్లొద్దు. మళ్లీ చెప్పించుకోకు.

భూస్థాపన రిజిస్టరు, కమిటీ మినిట్స్ పుస్తకాలు, స్థలం దస్తావేజు అడిగి చూడు. మెథడిస్టు పాస్టర్లు కొన్నేళ్లకోసారి మారిపోయేవాళ్లు, ఒక్కొక్కరి కింద చాలా చర్చిలు ఉండేవి, అలా ఒకే పాస్టరు కింద ఉన్న చర్చిల గుంపునే సర్క్యూట్ అంటారు, అందుకని చాలా లెక్కలు సర్క్యూట్ పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి. చర్చి బీరువాలో కనపడలేదని అసలే లేవని రాసేయకు. రాళ్లకు మంచినీళ్లు, మెత్తటి బ్రష్, అంతే. వైర్ బ్రష్, యాసిడ్, బ్లీచ్ ముట్టుకోకు. అక్షరాలు కనపడకపోతే పక్కనుంచి ఏటవాలుగా టార్చి వెయ్యి.

ఇక అసలు సంగతి. ఏ రాయి ఎక్కడుందో మ్యాపు గీయకుండా ఒక్క రాయి కూడా కదపనివ్వకు, ఎవరు అడిగినా సరే. నేను చర్చి లెక్కలు చూసిన రోజుల్లో ఒక కమిటీ, గడ్డి కోయడం సులువవుతుందని, రాళ్లన్నీ పెకలించి గోడవారగా నిలబెట్టించింది. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు కూడా, ఎంత నీటుగా ఉందోనని. మ్యాపు మాట ఎత్తితే "రాళ్లెక్కడికి పోతాయమ్మా" అన్నారు. నిజమే, రాళ్లు ఎక్కడికీ పోలేదు. తర్వాత ఒక పెద్దాయన తల్లి సమాధి కోసం వచ్చి, గోడ దగ్గర ఆమె పేరున్న రాయి దొరికాక, "మరి అమ్మ ఎక్కడుందమ్మా?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆయన ఆ గడ్డిలో అటూ ఇటూ కాసేపు తిరిగి వెళ్లిపోయారు. కొన్నాళ్లకు అదే కమిటీ "ఖాళీ స్థలమే కదా, కార్లు పెట్టుకుందాం" అంది! గొడవ పడ్డాను, ఆగింది. నువ్వు రాసే పుస్తకం లేకపోతే అక్కడా ఎవరో ఒకరు అదే మాట అంటారని నా భయం.

ఊరికే భయపడుతున్నానా? అమెరికాలో ఫిలడెల్ఫియాలో మదర్ బెతెల్ అనే ఆఫ్రికన్ మెథడిస్టు చర్చి 1810లో సమాధుల కోసం స్థలం కొంది, 1864 దాకా అక్కడే భూస్థాపనలు చేశారు, 1889లో అది నగరం చేతికి వెళ్లింది. తర్వాత దాని మీద పిల్లలు ఆడుకునే పార్కు వచ్చింది. కింద 5,000 మందికి పైగా ఉన్నారు.

అందుకే కనిపించే రాళ్లు లెక్కపెట్టి "ఇంతమంది" అని తేల్చకు, రాయి పెట్టించుకోలేని వాళ్లే ఎక్కువ ఉండి ఉంటారు. రాయి చిన్నది కాబట్టి మనిషీ చిన్నవాడే అనుకోకు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ గారే తన వీలునామాలో ఆర్భాటం వద్దని, ఆరుగురు పేదవాళ్లు మోయాలని, ఒక్కొక్కరికి 20 షిల్లింగులు ఇవ్వాలని రాశారు. 1791లో లండన్ సిటీ రోడ్డు చర్చి వెనకాల పెట్టారు ఆయన్ని. వాళ్లమ్మ సుసన్నా గారు 1742లోనే పోయారు, అప్పటికి ఆ చర్చే లేదు, రోడ్డుకు అవతల బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఉన్నారు. కాబట్టి మీ సంఘంలో మొదటివాళ్లు ఆ తోటలో లేకపోతే కంగారు పడకు, పక్క చర్చిల రిజిస్టర్లూ అడుగు. ఇంకోటి, కాగితం చూడకుండా "ఫలానా ఏడు ప్రతిష్ఠించారు" అని రాయకు. సమాధుల స్థలాన్ని ప్రతిష్ఠించే పద్ధతే వెస్లీ గారికి నచ్చేది కాదు, 1788లో దాని మీద రాశారు కూడా.

ఎండలో తిరిగి తలనొప్పి తెచ్చుకోకు, చిన్నప్పటి నుంచీ నీకది ఉంది. పసిపిల్లల సమాధులు వరుసగా వచ్చే చోట మనసు పాడవుతుంది, ఆ రోజుకు పని ఆపేసి ఇంటికెళ్లు. నేనూ అలాగే చేసేదాన్ని.

మ్యాపు పూర్తయ్యాక కమిటీకి చూపించే ముందు నాకో కాపీ పంపు, పెద్ద అక్షరాల్లో. కొత్త కళ్లద్దాలు వచ్చాయి, తప్పులు దొరికితే ఊరుకోను.

మీ పెద్దమ్మ