వచ్చేటప్పుడు సంచి తెచ్చుకో

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

"నవలలు కాకుండా చదవడానికి ఏమైనా చెప్పు పెదనాన్నా, కానీ బోరు కొట్టకూడదు" అన్నావు మొన్న. ఫోన్లో చెబితే మర్చిపోతావని రాస్తున్నా.

ముందు ఒక మాట. తెలివి పెరగాలని పుస్తకం పట్టుకోకు. నీ వయసులో నేనూ అదే ఊపులో నాలుగు సంపుటాల చరిత్ర కొన్నాను. ముప్ఫయ్యో పేజీ దాటలేదు. మిగతా మూడూ మీ పెద్దమ్మ కుట్టుమిషను కింద ఎత్తుకి పనికొచ్చాయి. ఏదో ఒక చిన్న సంగతి తెలుసుకోవాలని దురద పుట్టాలి, అప్పుడు చదువు.

రైళ్లు లేని రోజుల్లో మనవాళ్లు కాశీకి ఎలా వెళ్లేవారు? ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' తియ్యి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పేవారు. 1830 మే 18న పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పోతూ పోతూ మజిలీ మజిలీకీ రాసుకున్నారు: దారి ఎలా ఉంది, నీళ్లు మంచివేనా, ఏ సరుకులు దొరుకుతాయి. పుణ్యం కోసం తెరిస్తే బజారు సంగతులు కనిపిస్తాయి, నాకు నచ్చిందీ అదే. భాష పాతది, వాక్యాలు పొడుగు. అందుకే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకు. హైదరాబాదో రాజమండ్రో, నువ్వు చూసిన ఊరు ఎక్కడుందో వెతికి నేరుగా అక్కడ దిగు.

తిండి మీద మోజా? సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఉంది. రాజులూ యుద్ధాలూ పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని పాత కావ్యాల్లోంచి ఏరి తెచ్చారు. 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ అవార్డు దీనికే. కాకతీయుల ఓరుగల్లులో ఒక్క రూకకు (అప్పటి నాణెం) పూటకూళ్ల ఇంట్లో దొరికే భోజనం గురించి 'క్రీడాభిరామం' అనే పాత కావ్యంలో ఒక పద్యం ఉంది. కమ్మని గోధుమపిండి వంట, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, పెరుగు. రాత్రి ఆకలితో మాత్రం చదవకు.

ఇంగ్లీషులో అయితే పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ ఆత్మకథ 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో'. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. మెడ మీద పసుపు మచ్చ ఉంది, ఇదేం పిట్ట? ఆ ప్రశ్న పట్టుకుని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కాడు. ఇక జన్మంతా పిట్టలే.

యాభై పేజీలు చదివినా పట్టు దొరక్కపోతే మూసెయ్యి. టెన్షన్ పడకు, పుస్తకం ఏమీ అనుకోదు. కొత్తవే కొనక్కర్లేదు, ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వంగి వెతుకు. నడుం నొప్పి గ్యారంటీ.

పైన చెప్పిన మూడూ నా బీరువాలో ఉన్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. సలీం అలీకి అట్ట ఊడింది, జాగ్రత్త.

మీ పెదనాన్న