700 ఏళ్ల కిందటి బిషప్పు గారి పుట్టిన సంవత్సరం ఎవరు చెప్పారంటే

"మధ్యయుగం నాటి బిషప్పు ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ పుట్టాడు, ఏం చేశాడు అని వెతికితే ఒక్కోచోట ఒక్కోలా ఉంది, ఏది నమ్మాలి?" అని అడిగారు. పది సైట్లు చూడకండి, ఆ పదీ ఒకదాన్ని చూసి ఇంకోటి కాపీ కొట్టినవే. ఆ మనిషి తన గురించి తను ఏమన్నా రాసుకున్నాడా, ముందు అది పట్టుకోండి. దొరికితే సగం గొడవ అక్కడే తేలిపోద్ది.

నాకు తగిలింది జాన్ ఆఫ్ మాంటెకోర్వినో. ఇటలీ నుంచి వెళ్లిన ఫ్రాన్సిస్కన్ సభ గురువు, చైనాకి మొట్టమొదటి కాథలిక్ ఆర్చిబిషప్పు. 1307లో పోపు ఐదో క్లెమెంట్ ఈయన్ని ఖాన్‌బాలిక్‌కి, అంటే ఇప్పటి బీజింగ్‌కి, ఆర్చిబిషప్పుని చేశాడు. చైనా వెళ్తూ దారిలో మన పక్కనే మైలాపూర్ వైపు, పునీత తోమా గారి గుడి ఉన్న చోట 13 నెలలు ఉన్నాడు. కూడా వచ్చిన నికొలాస్ అనే గురువు అక్కడే చనిపోతే అక్కడే సమాధి చేసి ముందుకెళ్లాడు.

ఎక్కడ చూసినా పుట్టింది 1247 అని ఉంటది. ఏ రిజిస్టర్‌లో చూశారు? ఏ రిజిస్టరూ లేదు. 1305 జనవరిలో ఖాన్‌బాలిక్ నుంచి రాసిన ఉత్తరంలో "ముసలివాణ్ణయిపోయా, జుట్టు నెరిసిపోయింది, వయసు వల్ల కాదు, పడ్డ కష్టాల వల్ల, నాకు 58 ఏళ్లే" అన్న అర్థం వచ్చేలా వాపోయాడు పాపం. 1305లోంచి 58 తీసేశారు, అంతే. 58 నిండాయా నడుస్తున్నాయా ఎవరికి తెలుసు, కాబట్టి 1246 అన్నా తప్పు పట్టలేం. సుమారు 1247 అంటే ఒప్పుకుంటా.

ఇక అసలు సంగతి. మా విచారణలో (పారిష్‌లో) జూబిలీ సావనీర్ వేస్తూ ఒక రిటైర్డ్ మాస్టారి చేత ఈయన మీద వ్యాసం రాయించారు, దాన్ని సరిచూసే పని నాకు పడింది. మాస్టారు, జాన్ చైనాలో 30 వేల మందికి జ్ఞానస్నానం (బాప్టిజం) ఇచ్చాడని రాశారు, పైగా అప్పట్లో చైనాని ఏలిన మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్‌కి కూడా! ఆ ఉత్తరానికి హెన్రీ యూల్ అనే పండితుడు చేసిన ఇంగ్లిష్ అనువాదం 1866లోనే అచ్చయింది, స్కాన్ ఊరికే దొరుకుద్ది, ల్యాప్‌టాప్‌లో తెరిచి ఆయన ముందు పెట్టా. మాస్టారు కళ్లజోడు సర్దుకుని వేలు పెట్టి చూపించారు, "ఇదిగో బాబూ, 30 వేలు ఉందిగా, నీకు కనపడట్లేదా?" అని. నిజమే, ఉంది. "ఆ వాక్యం మొదటి నుంచి చదవండి మాస్టారూ" అన్నా. అందులో ఉన్నదేంటంటే, ఇప్పటిదాకా నా లెక్కలో దాదాపు 6 వేల మందికి ఇచ్చా, ఆ నిందలే లేకపోతే 30 వేలు దాటేవి అని. ఆ నిందలేంటో వింటే నవ్వొస్తది, ఏడుపూ వస్తది. అక్కడి నెస్టోరియన్ క్రైస్తవులు (రోమ్ పోపుకి లోబడని తూర్పు శాఖ వాళ్లు) ఈయన్ని గూఢచారి అన్నారు, పోపు పంపిన అసలు రాయబారి వేరే ఉన్నాడు, ఇండియాలో ఆయన్ని చంపేసి కానుకలు కొట్టేసి వచ్చాడు అన్నారు, దాదాపు ఐదేళ్లు తిప్పలు పెట్టారు. ఆ 6 వేలు కూడా కాస్త పెంచే చెప్పుంటాడని నా అనుమానం, అదే ఉత్తరంలో మనుషుల్ని పంపండి అని అడుగుతున్నాడు మరి.

కుబ్లాయ్ సంగతంటారా, ఆయన 1294 ఫిబ్రవరిలోనే పోయాడు, జాన్ అక్కడికి చేరింది కూడా ఆ ఏడాదే అంటారు. ఉత్తరంలో చక్రవర్తి పేరే లేదు, విగ్రహారాధనలో బాగా పాతుకుపోయాడు కానీ క్రైస్తవుల్ని బాగా చూస్తాడు అని మాత్రం ఉంది. ఇంక జ్ఞానస్నానం ఎక్కడిది!

అలాగని సొంతంగా చూసి రాసిందంతా కళ్లు మూసుకుని నమ్మేయమని కాదు. 1292 ప్రాంతంలో మన తీరం మీదుగా వెళ్లిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని రాణి ఏలుతోందని రాశాడు, చందుపట్ల శాసనం చూస్తే రుద్రమదేవి 1289కే లేదు. అందుకని సంబంధం లేని రెండో సాక్షి కావాలి. జాన్‌కి అది ఉంది. తన మాట విని కాథలిక్ అయిన జార్జ్ అనే రాజు ఆరేళ్ల కింద చనిపోయాడని, ఆయన కొడుక్కి నా పేరే జాన్ అని పెట్టారని రాశాడు. చైనా వాళ్ల యువాన్ రాజవంశ (అంటే కుబ్లాయ్ వంశం) చరిత్ర తీస్తే కోలిజిసి (జార్జ్ పేరునే చైనా అక్షరాల్లో అలా రాశారు) అనే ఓంగుత్ తెగ రాజు 1298లో యుద్ధంలో పట్టుబడి తర్వాత చనిపోయాడని ఉంది, కొడుకు పేరు జుఆన్, అంటే జానే! ఆ చరిత్ర రాసినవాళ్లకి ఈ ఉత్తరంతో ఏం పని? ఇది దొరికిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఇంట్లో చెప్తే "అయితే ఏంటి" అన్నారు.

సావనీర్‌లో 30 వేలే అచ్చయింది, అప్పటికే ప్రెస్‌కి వెళ్లిపోయిందట. బంగారు షాపు యాడ్‌లో ఫోన్ నంబర్ తప్పు పడితే మాత్రం దాని మీద స్టిక్కర్ అంటించి మరీ పంచారు. ఇంతకీ అదే విచారణలో మా తాతగారి జ్ఞానస్నానం తేదీ అడిగితే ఆ పాత రిజిస్టర్‌కి చెదలు పట్టిందన్నారు. పేజీకో ఫొటో ఫోన్‌తో తీసి పెట్టుకోవచ్చుగా, ఖర్చేముంది?

పుట్టిన ఊరు కూడా అడిగారు కదా. మాంటెకోర్వినో పేరుతో ఇటలీలో సలెర్నో దగ్గర ఒకటుంది, అపూలియా వైపు ఇంకోటుంది, రెండు వైపుల వాళ్లూ మావాడే అంటారు. ఎక్కువమంది సలెర్నో దగ్గరదే అంటారు, నా ఓటూ దానికే. నెల, తేదీతో సహా రాసిన సైట్ కనపడితే మాత్రం వెంటనే మూసేయండి.