ఆర్డరు కంటే ముందు జడ్జి పేరు అడుగుతున్నారు

జనం పార్టీల వారీగా చీలిపోతే ఆ ప్రభావం కోర్టుల మీద, జడ్జిల మీద పడుతుందా అని అడిగారు. పడుతుంది. అయితే జడ్జిలంతా ఏదో ఒక పార్టీకి కొమ్ము కాస్తారని కాదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో రిట్ కేసులు (ప్రభుత్వ చర్యలను సవాలు చేసే కేసులు) చూసే లాయరుగా నాకు కనిపించింది వేరు.

ముందు పడేది పనిభారం. మన దగ్గర ప్రభుత్వం మారితే పాతవాళ్లు చేసిందంతా తిరగదోడతారు. మాట్లాడుకుని తేల్చుకోవాల్సినవి కూడా కోర్టుకొస్తాయి. 2020నే తీసుకోండి. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు ఉండొచ్చా, ఆర్డినెన్సు తెచ్చి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్‌ను తప్పించడం చెల్లుతుందా, రాజధాని ఒకటా మూడా... అన్నీ నేలపాడు హైకోర్టుకే చేరాయి. రంగులు తీసేయమని, తొలగింపు చెల్లదని తీర్పులొచ్చాయి. ఇలా వరసగా ప్రభుత్వానికి ఎదురుదెబ్బలు తగిలేసరికి ఒక వర్గానికి హైకోర్టే ప్రతిపక్షంలా కనిపించింది.

ఆ రోజుల్లో ఒక క్లయింటు వచ్చాడు. 2018-19లో ఉపాధి హామీ కింద ఊళ్లో సీసీ రోడ్డు వేశాడు, ప్రభుత్వం మారాక బిల్లు ఆగింది. ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కొలతలున్నాయి, ఇంజనీరు సంతకం ఉంది. ఇంతకంటే గట్టి కేసు ఏముంటుంది? కాజ్‌లిస్టు (ఏ కేసు ఏ జడ్జి ముందుకు వస్తుందో చెప్పే జాబితా) వచ్చిన రాత్రి ఫోన్ చేసి, "సార్, మనది ఏ జడ్జిగారి ముందు పడింది? ఆయన ఎవరి మనిషి?" అన్నాడు. ఎం-బుక్ కాపీ జత చేశామా లేదా అన్నది ఆయనకు పట్టలేదు. అలాంటి బిల్లుల కేసులు వందల్లో ఉండేవి. 2021లో హైకోర్టు వడ్డీతో సహా కట్టమని చెప్పింది. దాన్ని కూడా "మనవాళ్లు గెలిచారు" అనే చెప్పుకున్నారు, పని చేసినవాడికి డబ్బు రావాలి కదా అని ఎవరూ అనలేదు.

(ప్రభుత్వం మారితే మా హాల్లో ఇంకో వింత. నిన్నటిదాకా పిటిషనర్ తరఫున గొంతు చించుకున్నాయన ఇవాళ జీపీగా, అంటే ప్రభుత్వ లాయరుగా లేచి, "పిటిషన్‌కు విచారణార్హతే లేదు మైలార్డ్" అంటారు. జడ్జిగారు ఒక్కోసారి నవ్వు ఆపుకుంటారు.)

తిట్లకు మాత్రం పార్టీ భేదం లేదు. 2020 మేలో జడ్జిలను దూషిస్తూ పెట్టిన పోస్టుల మీద హైకోర్టు 49 మందికి నోటీసులిచ్చింది, వాళ్లలో అప్పటి అధికార పార్టీ ఎంపీ కూడా ఉన్నారు. అక్టోబరులో ఆ కేసులను సీబీఐకి అప్పగించింది. 2023 సెప్టెంబరులో చంద్రబాబును రిమాండుకు పంపగానే అవతలి శిబిరం విజయవాడ ఏసీబీ కోర్టు జడ్జి మీద పడింది. ఆ జడ్జిగారి కులం, బంధువులు, ఫోటోలు అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. హైకోర్టు జడ్జికి కనీసం కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం) కింద శిక్షించే అధికారం ఉంది. కింది కోర్టు జడ్జి రాత్రి ఇంటికెళ్లి పిల్లలతో ఆ పోస్టుల గురించి ఏం చెప్పుకోవాలి? టీవీకెక్కి జవాబు చెప్పలేరు, చెప్పగలిగేదంతా ఆర్డరులోనే. అందుకేనేమో, రాజకీయ వాసన ఉన్న కేసైతే ఇంటరిమ్ (మధ్యంతర) ఆర్డర్లు కూడా పేజీలకు పేజీలు సాగుతున్నాయి.

జడ్జిని కేసు నుంచి తప్పుకోమని అడగడం మరో తలనొప్పి. అమరావతి రాజధాని కేసులో ఇద్దరు జడ్జిలకు అక్కడ ప్లాట్లున్నాయి కాబట్టి తప్పుకోవాలని 2021 నవంబరులో ప్రభుత్వం అడిగింది, బెంచ్ ఒప్పుకోలేదు. తప్పుకుంటే "దొరికిపోయారు" అంటారు, తప్పుకోకపోతే "పట్టుదల చూశారా" అంటారు. 2020 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ రమణ మీద భారత చీఫ్ జస్టిస్‌కు రాసిన లేఖదీ ఇదే కథ. అంతర్గత విచారణ జరిపి 2021 మార్చిలో ఫిర్యాదు కొట్టేశారు. ఆ విచారణ గోప్యం కాబట్టి వివరాలు బయటికి రాలేదు, ఎవరి నమ్మకం వాళ్లకు అలాగే మిగిలింది.

జడ్జిల వైపు నుంచి ఇబ్బందే లేదని కాదు. అయోధ్య తీర్పు బెంచ్‌లో ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో రిటైరయ్యారు, ఫిబ్రవరికల్లా మన రాష్ట్ర గవర్నరుగా వచ్చారు. తీర్పుకూ పదవికీ సంబంధం ఉందని నేను అనను. కానీ "ఆయన ఎవరి మనిషి" అని అడిగేవాడికి ఇలాంటి నియామకాలు దొరికితే నేనేం చెప్పి ఒప్పించను? రిటైరయ్యాక కనీసం రెండేళ్లు ప్రభుత్వ పదవి తీసుకోకూడదని చట్టమే తేవాలి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అన్ని పార్టీలూ ఈ మాటే అంటాయి, అధికారంలోకి వచ్చాక మాత్రం నోరెత్తవు.