రాక్ బృందం ఆర్.ఈ.ఎం. తొలి ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) ‘క్రానిక్ టౌన్’ను విమర్శకులు ఎలా స్వీకరించారు?

పెద్దగా పేరు లేని బృందమైనా, ఎంతో ఆదరంగా స్వీకరించారనే చెప్పాలి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌కు చెందిన ఈ నలుగురు 1982 ఆగస్టులో ఐదు పాటలతో దీన్ని విడుదల చేశారు. ఆ ఏడాది ‘విలేజ్ వాయిస్’ పత్రిక జరిపిన విమర్శకుల ఓటింగులో ఈపీల విభాగంలో రెండో స్థానం దక్కింది.

గాయకుడు మైకేల్ స్టైప్ గొణిగినట్టు పాడడం వల్ల సగం మాటలు అందవు. నాకైతే దీని బలమే అది. ‘గార్డెనింగ్ ఎట్ నైట్’ వినండి: పీటర్ బక్ గిటారు తీగలను ఒక్కొక్కటిగా మీటుతుంటే గొంతు ఆ నాదంలో కలిసిపోతుంది. ‘రోలింగ్ స్టోన్’ పత్రిక 1983లో ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచుకున్న వీళ్ల ‘మర్మర్’కు బాట ఇక్కడే పడింది.