క్రిమిసంహారకమా, సూక్ష్మజీవనాశకమా?

సందేహం: మట్టిలో ఉండే బాక్టీరియా తయారుచేసే యాంటీబయోటిక్‌ను ఒక వ్యాసంలో ‘క్రిమిసంహారకం’ అన్నారు. పాఠ్యపుస్తకాల్లో ‘సూక్ష్మజీవనాశకం’ అని ఉంటుంది. అసలు ‘సూక్ష్మజీవినాశకం’ అని కదా ఉండాలి? ఏది సరైనది?

సమాధానం: ముందు వ్యాకరణం సంగతి. సంస్కృతంలో ‘జీవిన్’ అనే నకారాంత శబ్దం సమాసంలో ‘జీవి’ అవుతుంది. హస్తిదంతం, స్వామిభక్తి ఇలా వచ్చినవే. కాబట్టి మీ ‘సూక్ష్మజీవినాశకం’ తప్పు కాదు. అయితే ‘జీవ’ అనే అకారాంత శబ్దం కూడా ఉంది కనుక ‘సూక్ష్మజీవనాశకం’ కూడా సాధువే. వాడుకలో గెలిచింది ఇదే.

‘క్రిమిసంహారకం’ మాత్రం ఇక్కడ వద్దు. క్రిమి అంటే మొదటి అర్థం పురుగు. ఇవాళ ఆ మాట వినగానే పంటమీద చల్లే పురుగుమందే గుర్తొస్తుంది. ఆ డబ్బాను, డాక్టరు రాసిచ్చే మాత్రను ఒకే పేరుతో పిలిస్తే చదివేవాడికి టెన్షనే.

‘సూక్ష్మజీవనాశకం’ కూడా అతికినట్టు సరిపోదు. అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త వాక్స్‌మన్ 1940ల మొదట్లో యాంటీబయోటిక్ అనే మాటకు అర్థం స్థిరపరిచినప్పుడు, ఒక సూక్ష్మజీవి పుట్టించి, ఇతర సూక్ష్మజీవుల్ని చంపే లేదా పెరగనివ్వని పదార్థం అన్నాడు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ప్రధానంగా బాక్టీరియా పెరుగుదలను ఆపుతుందే కానీ చంపదు. ‘నాశకం’లో ఆ తేడా కనిపించదు, దాన్ని పుట్టించినది కూడా సూక్ష్మజీవే అన్న సంగతీ కనిపించదు.

అలాగని ఇంగ్లీషు పేర్లు గొప్పగా ఉన్నాయనుకోకండి. 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ మట్టి బాక్టీరియా నుంచి స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయోటిక్ తీశాడు. ఆ బాక్టీరియా పేరు స్ట్రెప్టోమైసిస్. గ్రీకులో ‘మైకెస్’ అంటే శిలీంధ్రం, మనం బూజు అనేదీ ఆ కోవదే. దారాల్లా అల్లుకుంటూ పెరిగే ఈ జాతిని మొదట్లో శిలీంధ్రం అనుకున్నారు. పొరపాటని తేలాక కూడా పేరు మారలేదు, మందుల పేర్ల చివర ‘మైసిన్’గా మిగిలింది. ఇందులో ఇంకో చిక్కుంది. జెంటామైసిన్ అనే మరో యాంటీబయోటిక్ వేరే మట్టి బాక్టీరియా మైక్రోమోనోస్పోరా నుంచి వచ్చింది కనుక ఇంగ్లీషులో దాని చివరి భాగానికి స్పెల్లింగు వేరు (mycin కాదు, micin). మన లిపిలో రెండూ ‘మైసిన్’లే!

మామూలు రచనలో నేనైతే ‘యాంటీబయోటిక్’ అనే రాస్తాను. పాఠ్యపుస్తకానికైతే ‘సూక్ష్మజీవనాశకం’ ఉంచి, మొదటిసారి వాడినచోట వాక్స్‌మన్ చెప్పిన అర్థాన్ని ఒక్క వాక్యంలో చేరుస్తాను.